ఇంగ్లండ్‌లో ఇల్లు పోయే పరిస్థితి వస్తే కౌన్సిల్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

ఒకావిడ ఇంటి ఓనరు ఇచ్చిన నోటీసును దేవుడి పటాల వెనక దాచింది. అది ఏడు వారాలు అక్కడే ఉంది. రోజూ దీపం పెట్టేటప్పుడు కాగితం అంచు కనపడుతూనే ఉండేదట. ఇద్దరు పిల్లలు, ఐఎల్ఆర్ (గడువు లేకుండా ఇక్కడ ఉండే అనుమతి) ఉంది, కేర్ హోమ్‌లో ఉద్యోగం. నాకు ఫోన్ చేసేసరికి గడువుకు ఎనిమిది రోజులే మిగిలాయి. "అన్నయ్యా, మనవాళ్లెవరికీ తెలియనివ్వకండి" అన్నదే ఆమె మొదటి మాట.

ఆ ఏడు వారాలూ చట్టం ఆమెకిచ్చిన సమయం. హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ యాక్ట్ ఇంగ్లండ్‌లో 2018 ఏప్రిల్ 3 నుంచి అమల్లో ఉంది. ఇల్లు పోయినవాళ్లతో పాటు, 56 రోజుల్లో ఇల్లు పోయేలా ఉన్నవాళ్లకు కూడా కౌన్సిల్, అంటే ఆ ప్రాంతపు స్థానిక పాలనా సంస్థ, సాయం చేసి తీరాలని అందులో ఉంది. సిగ్గుపడి మనవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ 56 రోజుల్నే.

నేను తూర్పు లండన్‌లో ఉంటాను. చాలా ఏళ్లుగా ఇలాంటివాళ్లకు తోడుగా కౌన్సిల్ ఆఫీసులకు వెళ్తున్నాను. లాయర్ని కాను. కిటికీ ఇవతల కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఇంగ్లండ్ వరకే. వేల్స్‌కు, స్కాట్లండ్‌కు చట్టాలు వేరు.

అడుగు 1: మీరు 'హోమ్‌లెస్' అవునా కాదా తేల్చుకోండి

ఈ మాట వినగానే మన కళ్లముందు ఫుట్‌పాత్ మీద పడుకున్న మనిషి మెదులుతాడు. చట్టం దృష్టిలో అర్థం అంతకంటే చాలా పెద్దది. స్నేహితుడి ఇంట్లో సోఫా మీద, "ఇంకెన్నాళ్లు?" అని వాళ్లు అడిగేదాకా సర్దుకుంటున్నారా? మీరు హోమ్‌లెస్సే. ఇల్లుంది కానీ ఆ ఇంట్లో కొడుతున్నారా? అప్పుడూ అంతే. ఓనరు తాళం మార్చి మిమ్మల్ని లోపలికి రానివ్వకపోయినా అంతే.

2024 శరదృతువులో ఒక రాత్రి లెక్కిస్తే ఇంగ్లండ్ మొత్తం మీద బయట పడుకున్నవాళ్లు 4,667 మంది. 2025 మార్చి ఆఖరుకు కౌన్సిళ్లు పెట్టిన టెంపరరీ అకామడేషన్‌లో ఉన్న కుటుంబాలు 1,31,140, ఒంటరివాళ్లనూ ఒక్కో కుటుంబంగా లెక్కేస్తే. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కౌన్సిల్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నిన్నటిదాకా మామూలుగా అద్దె కట్టుకుని బతికినవాళ్లే. మీరొక్కరే కాదు.

అడుగు 2: వీసా సంగతి ముందే చూసుకోండి

మనవాళ్ల విషయంలో అసలు ముడి ఇక్కడే ఉంది, కాబట్టి నెమ్మదిగా చదవండి.

బ్రిటిష్ పౌరులు, ఐఎల్ఆర్ ఉన్నవాళ్లు ఇక్కడే స్థిరంగా ఉంటుంటే దరఖాస్తుకు అర్హులు. శరణార్థి హోదా వచ్చినవాళ్లూ అర్హులే. స్టూడెంట్, గ్రాడ్యుయేట్, స్కిల్డ్ వర్కర్ వీసాల మీద, వాళ్ల డిపెండెంట్లుగా ఉన్నవాళ్లకు సాధారణంగా 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' షరతు ఉంటుంది, అంటే పబ్లిక్ ఫండ్స్ అనే జాబితాలోని ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదు. కౌన్సిల్ ఇచ్చే హోమ్‌లెస్‌నెస్ ఇల్లు పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తుంది. వాళ్లు దానికి అర్హులు కారు, తెలియక తీసుకుంటే వీసాకు చిక్కు.

అంతమాత్రాన కౌన్సిల్ గుమ్మం తొక్కకూడదని కాదు. ఇల్లు పోకుండా ఏం చేయాలో ఉచితంగా సలహా చెప్పడం ఆ ప్రాంతంలో ఉన్న ఎవరికైనా కౌన్సిల్ చేయాల్సిన పని. వీసాతో దానికి సంబంధం లేదు. ఇంట్లో పిల్లలుండి తినడానికీ తలదాచుకోవడానికీ దారి లేకపోతే, 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్ సెక్షన్ 17 కింద సోషల్ సర్వీసెస్ ఆ కుటుంబాన్ని ఆదుకోవచ్చు. తీవ్రమైన జబ్బో వైకల్యమో ఉండి ఒకరి సంరక్షణ అవసరమైన పెద్దవాళ్లకు 2014 నాటి కేర్ యాక్ట్ ఉంది. ఈ రెండూ పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు. ఈ సంగతి తెలియక ఎంతమంది భయపడి వెనక్కి తిరిగిపోయారో నేను కళ్లారా చూశాను.

ఇంట్లో ఒకరికి ఐఎల్ఆర్ ఉండి ఇంకొకరికి లేకపోతే, అర్హత ఉన్నవాళ్ల పేరు మీద దరఖాస్తు పెట్టవచ్చు. కాకపోతే రెండో మనిషి వీసా మీద ఏ ప్రభావం పడుతుందో ముందుగా ఇమ్మిగ్రేషన్ సలహాదారుని అడగండి. ఫేస్‌బుక్ గ్రూపులో అడిగి నిర్ణయం తీసుకోకండి.

అడుగు 3: ఏ కౌన్సిల్?

లండన్‌లో అయితే మీ బరో కౌన్సిల్. ఈస్ట్ హామ్‌లో ఉంటే న్యూహామ్, హౌన్స్‌లోలో ఉంటే హౌన్స్‌లో. లండన్ బయట కొన్నిచోట్ల రెండు అంచెల కౌన్సిళ్లు ఉంటాయి. ఉదాహరణకు హాట్‌ఫీల్డ్‌లో చదువుకునేవాళ్లకు ఇంటి విషయాలు చూసేది వెల్విన్ హాట్‌ఫీల్డ్ బరో కౌన్సిల్. పిల్లల సోషల్ సర్వీసెస్ మాత్రం హర్ట్‌ఫర్డ్‌షైర్ కౌంటీ కౌన్సిల్ చేతిలో ఉంటుంది. ఒక ఆఫీసులో "అది మా పని కాదు" అంటే కొన్నిసార్లు నిజంగానే వాళ్ల పని కాదు.

ఆ ఊరితో మీకు సంబంధం ఉందా అని అడుగుతారు. గడిచిన 12 నెలల్లో 6 నెలలు, లేదా 5 ఏళ్లలో 3 ఏళ్లు అక్కడ ఉండటం, అక్కడ ఉద్యోగం చేయడం, దగ్గరి బంధువులు చాలాకాలంగా అక్కడే ఉండటం లాంటివి లెక్కలోకి వస్తాయి. ఇంట్లో హింస నుంచి బయటపడి వచ్చినవాళ్లు ఏ కౌన్సిల్‌కైనా వెళ్లవచ్చు. ప్రమాదం ఉన్న ఊరికి వాళ్లను తిప్పి పంపడానికి వీల్లేదు.

అడుగు 4: కాగితాలు ఒక సంచిలో పెట్టుకోండి

పాస్‌పోర్టు, ఈ-వీసా షేర్ కోడ్ (మీ వీసా వివరాలు ఆన్‌లైన్‌లో ఇతరులకు చూపించే కోడ్, 90 రోజుల వరకు పనిచేస్తుంది, వెళ్లేముందు కొత్తది తీసుకోండి), అద్దె ఒప్పందం, నోటీసు, చివరి మూడు నెలల పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు. గడిచిన ఐదేళ్లలో ఏ అడ్రసులో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారో ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకోండి. కిటికీ దగ్గర కంగారులో తేదీలు గుర్తురావు.

ఆరోగ్య సమస్య ఉంటే జీపీ (మీ ఏరియా డాక్టరు) ఉత్తరం తప్పనిసరిగా పెట్టుకోండి. మనవాళ్లు డిప్రెషన్ గురించి, నిద్ర పట్టకపోవడం గురించి, వాడుతున్న మాత్రల గురించి ఆఫీసరుకు చెప్పరు. ఆరోగ్యం బాగా లేనివాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ దెబ్బతింటారని తేలితే చట్టం వాళ్లకు ముందు వరస ఇస్తుంది. దాచిపెడితే ఆ వరస పోతుంది.

ఒప్పందమే లేకుండా నగదుగా అద్దె కడుతున్నవాళ్లు ఓనరుతో జరిగిన వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. ఈ నెల నుంచైనా బ్యాంకు ద్వారా పంపండి.

అడుగు 5: నోరు తెరిచి అడగాల్సిన మాట

వెళ్లాల్సింది హౌసింగ్ ఆప్షన్స్ టీమ్ దగ్గరికి. చాలా కౌన్సిళ్లలో ముందు ఆన్‌లైన్ ఫారం నింపమంటారు, నింపండి. ఈ రాత్రికే ఎక్కడా చోటు లేకపోతే ఆఫీసుకు నేరుగా వెళ్లండి, సాయంత్రం దాటితే ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి.

అక్కడ చాలామంది "ఇల్లు కావాలి" అంటారు. వాళ్లు దాన్ని హౌసింగ్ రిజిస్టర్‌లో పేరు రాసుకోవడం అనుకుంటారు. అది ఏళ్లతరబడి సాగే లైను. మీరు అనాల్సిన మాట ఇది: "ఐ వాంట్ టు మేక్ ఎ హోమ్‌లెస్‌నెస్ అప్లికేషన్." ఈ ఒక్క వాక్యం నోటికి వచ్చేదాకా ఇంట్లో నాలుగుసార్లు అనుకోండి. ఇంగ్లిష్ కష్టమైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి. పదేళ్ల కూతురిచేత అనువాదం చేయించకండి. ఆ పిల్ల మీ కష్టమంతా ఇంగ్లిష్‌లో తన నోటితో పలకాల్సి వస్తుంది.

మీకు ఉండటానికి చోటు లేదనీ, మీరు అర్హులనీ, ముందు వరసలో వస్తారనీ నమ్మడానికి కాస్త కారణం కనిపించినా, పూర్తి విచారణ అయ్యేదాకా కౌన్సిల్ మీకు తాత్కాలికంగా చోటు చూపించాలి. రుజువులన్నీ అందాకే ఇస్తామనడం కుదరదు. ముందు వరస అంటే గర్భిణులు, చిన్నపిల్లలున్నవాళ్లు, ఇంట్లో హింస వల్ల బయటికి వచ్చినవాళ్లు, అగ్నిప్రమాదంలోనో వరదలోనో ఇల్లు పోయినవాళ్లు, 16, 17 ఏళ్ల పిల్లలు, వయసువల్లో జబ్బువల్లో బలహీనంగా ఉన్నవాళ్లు. ఆరోగ్యంగా ఉన్న ఒంటరి యువకుడికి అర్హత ఉన్నా ఆ రాత్రికి గది దొరక్కపోవచ్చు. అయినా 56 రోజులపాటు ఇల్లు వెతకడంలో సాయం చేయాల్సిన బాధ్యత కౌన్సిల్ మీద ఉంటుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి.

మొదటిది, కౌన్సిల్ వైపు నుంచి. "బెయిలిఫ్‌లు (కోర్టు తరఫున ఇల్లు ఖాళీ చేయించేవాళ్లు) వచ్చేదాకా ఇంట్లోనే ఉండండి, అప్పుడు రండి" అంటారు. కోర్టు వారంట్ ఇచ్చేదాకా అద్దెదారు ఆ ఇంట్లోనే ఉండటం సబబు అని కౌన్సిల్ అనుకోకూడదని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. అయినా వినకపోతే, "మీరు చెప్పింది ఈమెయిల్‌లో పంపించండి" అనండి. రాతపూర్వకంగా అడిగేసరికి జవాబు మారడం నేను చాలాసార్లు చూశాను.

రెండోది మన వైపు నుంచి. గొడవ ఎందుకులే అని తాళాలు ఓనరు చేతిలో పెట్టి బయటికి వచ్చేస్తారు. అలా వచ్చేస్తే, కావాలని ఇల్లు వదులుకున్నారని కౌన్సిల్ తేల్చే ప్రమాదం ఉంది. సలహా తీసుకోకుండా తాళాలు ఇవ్వకండి. ఇంకో సంగతి, 2026 మే 1 నుంచి ప్రైవేటు ఓనర్లు కారణం చెప్పకుండా కొత్తగా సెక్షన్ 21 నోటీసు ఇవ్వడానికి వీల్లేదు. చేతికి వచ్చిన నోటీసు అసలు చెల్లుతుందో లేదో మొదట చూపించుకోండి.

అడుగు 6: ప్లాన్ అనే కాగితం

విచారణ అయ్యాక మీ పేరు మీద పర్సనలైజ్డ్ హౌసింగ్ ప్లాన్ రాస్తారు. మీరేం చేయాలి, కౌన్సిల్ ఏం చేయాలి అన్నది అందులో ఉంటుంది. మామూలుగా మీ వైపు పది పనులు, వాళ్ల వైపు రెండు రాస్తారు. సంతకం పెట్టేముందు వాళ్ల వైపు ఏమేం చేర్చగలరో అడగండి. ఓనరుతో మాట్లాడటం, బకాయి అద్దెకు దారి చూపడం, కొత్త ఇంటికి డిపాజిట్, మొదటి నెల అద్దె సర్దడం లాంటివి కౌన్సిళ్లు చేస్తుంటాయి.

నోటీసును పటాల వెనక దాచిన ఆవిడ విషయంలో జరిగింది ఇదే. ఆఫీసరు ఓనరుకు ఫోన్ చేసి ఆరు వారాలు గడువు అడిగి తీసుకున్నాడు. ఈలోగా రెండు మైళ్ల అవతల చిన్న ఫ్లాట్ దొరికింది, డిపాజిట్ కౌన్సిల్ సర్దింది. పిల్లలు బడి మారలేదు. మొదటి వారంలోనే వచ్చి ఉంటే ఆమె ఏడు వారాల నిద్ర కూడా మిగిలేది.

56 రోజులు గడిచినా ఇల్లు కుదరకపోతే, ముందు వరసలో ఉండి, ఇల్లు పోవడంలో మీ తప్పు లేదని తేలినవాళ్ల పట్ల కౌన్సిల్‌కు ప్రధాన బాధ్యత ఉంటుంది, అంటే స్థిరమైన ఇల్లు కుదిరేదాకా ఉండటానికి చోటు చూపించాలి. టెంపరరీ అకామడేషన్ మీరనుకున్నంత దగ్గరలో దొరక్కపోవచ్చు. పిల్లలున్నవాళ్లను, గర్భిణులను వంటగదీ బాత్రూమూ పంచుకునే బి అండ్ బిలో ఆరు వారాలకు మించి ఉంచకూడదు. తేదీ రాసి పెట్టుకోండి. ఆ బాధ్యత కింద వచ్చిన ఇల్లు నచ్చలేదని నేరుగా కాదనకండి. తీసుకుని, ఆ తర్వాత రివ్యూ (నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించడం) అడగండి. కాదంటే బాధ్యత తీరిపోయిందని ఫైలు మూసేస్తారు.

అడుగు 7: కాదన్నారా? 21 రోజులు

నిర్ణయం ఏదైనా ఉత్తరం రూపంలో, కారణాలతో ఇవ్వాలి. అది చేతికి అందిన 21 రోజుల్లోగా రివ్యూ అడగాలి. రివ్యూలోనూ కాదంటే కౌంటీ కోర్టు అప్పీలుకు మళ్లీ 21 రోజులు. ఆదాయం తక్కువగా ఉన్నవాళ్లకు ఈ కేసులకు లీగల్ ఎయిడ్ దొరుకుతుంది. ఇళ్ల సమస్యల మీద సలహా ఇచ్చే షెల్టర్ సంస్థ ఉచిత ఫోన్ నంబరు 0808 800 4444. సిటిజన్స్ అడ్వైస్‌లోనూ, దగ్గర్లో లా సెంటర్ ఉంటే అక్కడా అడగండి. ఉత్తరం వచ్చిన కవరును కూడా పారేయకండి, తేదీ దాని మీదే ఉంటుంది.

స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మీరు ఉండే షేరింగ్ ఇంటిని అద్దెకు తీసుకున్న మనిషి కూడా అదే ఇంట్లో ఉంటూ మీతో వంటగది పంచుకుంటుంటే, చట్టం మిమ్మల్ని సాధారణంగా లాడ్జర్‌గా చూస్తుంది. సబబైన గడువు ఇచ్చి ఖాళీ చేయించవచ్చు, కోర్టు ఆర్డరు అవసరం ఉండదు. ఓనరు వేరే ఇంట్లో ఉంటే మాత్రం సంగతి పూర్తిగా వేరు. రాతలో ఒప్పందం లేకపోయినా, కోర్టు ఆర్డరు లేకుండా తాళం మార్చి మిమ్మల్ని బయటికి నెట్టడం 1977 నాటి చట్టం ప్రకారం నేరం. కౌన్సిల్‌లో ప్రైవేటు అద్దె ఇళ్లు చూసే విభాగానికి ఫోన్ చేయండి, బెదిరింపు ఉంటే పోలీసులకు. ఈ రక్షణ పబ్లిక్ ఫండ్స్ కాదు, మీ వీసాకేమీ కాదు.

వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురో అంతకంటే ఎక్కువమందో వంటగదీ బాత్రూమూ పంచుకుంటూ ఉండే ఇంటికి లైసెన్స్ కావాలి. ఆ లైసెన్స్ ఉన్న ఇంట్లో ఒక్కరు పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరు పడుకునేది 10.22 చదరపు మీటర్లు ఉండాలి. ఒక గదిలో నాలుగు పరుపులు, మధ్యలో నడవడానికి సూట్‌కేసులు పక్కకు జరపాల్సి రావడం, ఇది మనలో చాలామందికి తెలిసిన గదే. ఫిర్యాదు చేస్తే ఉన్న చోటు కూడా పోతుందేమోనన్న టెన్షన్ ఉత్తది కాదు. కాబట్టి ముందు షెల్టర్‌తోనో, యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ సలహా విభాగంతోనో మాట్లాడి, వేరే చోటు చూసుకుని అడుగు వేయండి.

డబ్బు పూర్తిగా అయిపోతే యూనివర్సిటీ హార్డ్‌షిప్ ఫండ్ అడగండి. దరఖాస్తు పెట్టినంత మాత్రాన వీసా రద్దు కాదు. తిరిగి వెళ్లడానికి కూడా దారి లేని స్థితిలో ఉన్న భారతీయులకు లండన్‌లోని భారత హైకమిషన్ దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. పరిస్థితి పరిశీలించి బసకు, టికెట్టుకు సాయం చేస్తారు. ఆకలి వేస్తే గురుద్వారాకు వెళ్లండి. తలకు గుడ్డ కట్టుకుని లంగర్‌లో (అక్కడి ఉచిత భోజనశాలలో) కూర్చోండి, ఎవరూ ఏమీ అడగరు.

ఇంట్లో భర్తో అత్తింటివాళ్లో కొడుతుంటే గృహహింస హెల్ప్‌లైన్ 0808 2000 247కు ఏ గంటలోనైనా ఫోన్ చేయండి. డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లలో చాలామందికి, హింస వల్ల ఆ బంధం తెగిపోతే, మూడు నెలలపాటు పబ్లిక్ ఫండ్స్ తీసుకునే అనుమతి అడిగే వీలుంది. అడిగితే ఉన్న వీసా మారిపోతుంది కాబట్టి ముందు లాయరుతో మాట్లాడండి. "వీసా నా చేతిలో ఉంది, ఎక్కడికి పోతావు" అనే మాట విని మాత్రం ఆగిపోకండి.

బయట ఎవరైనా పడుకుని కనిపిస్తే

లండన్‌లో 2024-25 ఏడాదిలో ఔట్‌రీచ్ సిబ్బంది (వీధుల్లో తిరిగి ఇలాంటివాళ్లను కలిసి సాయం చేసేవాళ్లు) బయట పడుకుని ఉండగా చూసినవాళ్లు 13,231 మంది. వాళ్లలో మనవాళ్లు కూడా ఉంటారు. ప్రాణం మీదికి వచ్చినట్టుంటే 999. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలనిపిస్తే పోలీసులకు చెప్పండి. మిగతావాళ్ల గురించి స్ట్రీట్‌లింక్ వెబ్‌సైట్‌లో తెలియజేయాలి. ఆ సమాచారం ఆ ప్రాంతపు కౌన్సిల్‌కో ఔట్‌రీచ్ టీమ్‌కో వెళ్తుంది. వాళ్లు రాత్రి బాగా పొద్దుపోయాకో తెల్లవారుజామునో వస్తారు, మనిషి నిజంగా అక్కడ పడుకుని ఉండటం చూడాలి. అందుకే మీరు రాసే చోటు వివరం మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

చలి సున్నా డిగ్రీలకు పడిపోతుందన్న సూచన ఉన్న రాత్రుల్లో చాలా కౌన్సిళ్లు స్వెప్ అనే అత్యవసర ఏర్పాటు మొదలుపెడతాయి. ఆ రాత్రులకు చాలాచోట్ల వీసా, ముందు వరస లాంటివి పక్కన పెట్టి లోపలికి తీసుకుంటారు. స్టూడెంట్ వీసా ఉన్న కుర్రాడికి కూడా ఆ తలుపు తెరుచుకోవచ్చు. "స్వెప్ ఆన్‌లో ఉందా?" అని కౌన్సిల్‌కు ఫోన్ చేసి అడగండి.

ఒకసారి బస్సులో ఒక కుర్రాణ్ణి చూశాను. తల వంచుకుని ఫోన్‌లో వాళ్లమ్మతో తెలుగులో మాట్లాడుతున్నాడు, "తిన్నానమ్మా, రూమ్‌లోనే ఉన్నా" అంటున్నాడు. ఒళ్లో స్లీపింగ్ బ్యాగ్. ఆ రాత్రి అతను దిగిన స్టాపు పేరు మాత్రమే స్ట్రీట్‌లింక్‌కు రాసి పంపాను. ఎవరికీ దొరకలేదు. మర్నాడు రాత్రి వెళ్లి వెతికి, మళ్లీ రాశాను: లైబ్రరీ వెనక వైపు, చెత్త డబ్బాలకు ఎడమ పక్క మెట్ల కింద, నీలం స్లీపింగ్ బ్యాగ్, నల్ల జాకెట్, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు ఉంటాయి, రాత్రి పదకొండు దాటాక వస్తాడు, తెలుగు మాట్లాడతాడు. తెల్లవారి అయిదున్నరకు ఔట్‌రీచ్ టీమ్ అతని దగ్గరికి వెళ్లింది.